టీచింగ్ అసిస్టెంటుగా మొదటి ల్యాబు తరగతి: వారం ముందు నుంచి ఎలా సిద్ధపడాలి?

మొదటి సంవత్సరం బి.టెక్. తరగతులు మొదలయ్యే రోజుల్లో, అనంతపురంలో కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులు, ఎం.టెక్. విద్యార్థులు ఏటా నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: "సార్, సోమవారం నాకు ల్యాబు వేశారు. ఏం చదువుకొని వెళ్లాలి?" నా జవాబు వారికి కాస్త నిరుత్సాహం కలిగిస్తుంది. చదవవలసింది తక్కువ, ముందుగా చేసి చూసుకోవలసింది ఎక్కువ అని చెబుతాను. గేట్ ద్వారా ఎం.టెక్.లో చేరి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం తీసుకునేవారు వారానికి 8 నుంచి 10 గంటలు బోధన, పరిశోధన పనులు చేయాలన్న నిబంధన ఉంది కాబట్టి, ఇష్టం ఉన్నా లేకపోయినా ఈ పని చాలామందికి తప్పదు. తప్పనప్పుడు సరిగా చేయడమే మేలు.

పద్ధతి ఊరికే చెబితే గాలిమాటగా ఉంటుంది కనుక, ఇంజనీరింగ్ కెమిస్ట్రీ ల్యాబులో తరచుగా మొదట చేయించే ప్రయోగాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను: ఈడీటీఏ అనే రసాయనంతో నీటి కఠినత్వం, అంటే ప్రధానంగా నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంతో కొలవడం. బోరు నీళ్లతో కందిపప్పు ఉడకదని, సబ్బు నురగ రాదని, గీజరులో తెల్లటి పొర పేరుకుంటుందని ఇంట్లో రోజూ వింటూ పెరిగిన మన విద్యార్థులకు ఇంతకన్నా దగ్గరి ప్రయోగం ఉండదు. మీది ఫిజిక్స్ ల్యాబు అయినా, ప్రోగ్రామింగ్ ల్యాబు అయినా మెట్లు ఇవే, పనిముట్లు మాత్రమే మారతాయి.

దగ్గర ఉంచుకోవలసినవి

- ల్యాబు మాన్యువల్, దానితోపాటు మీ సొంత అబ్జర్వేషన్ పుస్తకం. మాన్యువల్ మీద రాసుకున్న గుర్తులు సరిపోవు.
- హాజరు పట్టిక రెండు ప్రతులు. ఒకటి సంతకాలకు, ఇంకొకటి మీ గుర్తులకు.
- ల్యాబ్ కోటు, కళ్లద్దాలు. విద్యార్థులను వేసుకోమని చెప్పే ముందు మీరు వేసుకొని ఉండాలి.
- రెండు రంగుల మార్కర్లు. ల్యాబులో ఉన్న మార్కరు రాస్తుందని నమ్మవద్దు.
- సీసాల మీద అంటించడానికి కాగితపు చీటీలు, చెరగని పెన్ను, చేతి గడియారం.
- ల్యాబు అటెండరు ఫోన్ నంబరు.

1. వారం ముందు కోర్సు చెప్పే అధ్యాపకుడిని కలవండి

అడగవలసినవి ఐదు. హాజరు మీద సంతకం ఎవరిది? ఆలస్యంగా వచ్చినవారిని ఎంతసేపటి వరకు రానివ్వాలి? అబ్జర్వేషన్ పుస్తకాలు అదే రోజు దిద్దాలా, వచ్చే వారం దిద్దాలా? రోజువారీ మార్కులు మీరు వేయాలా, కేవలం సూచించాలా? ప్రయోగం తప్పిన విద్యార్థికి మళ్లీ అవకాశం ఇచ్చే అధికారం మీకు ఉందా?

జవాబులను నోటిమాటగా వదిలేయకుండా, ఆ సాయంత్రమే "సార్, మీరు చెప్పినది నాకు ఇలా అర్థమైంది" అని నాలుగు వాక్యాల సందేశం పంపండి. మొదటి తరగతిలోనే ఎవరో ఒకరు "సార్, ఈరోజు మార్కులు ఇంటర్నల్‌లో కలుస్తాయా?" అని అడుగుతారు. తెలియకపోతే కనుక్కొని చెబుతానని అనాలే గాని, మొహమాటానికి మాట ఇవ్వకూడదు. మీరు ఇచ్చిన మాట మీ అధ్యాపకుడి నియమానికి విరుద్ధమైతే, సెమిస్టరు పొడవునా మీ మాటకు విలువ ఉండదు.

2. మూడు రోజుల ముందు గదిని చూడండి

ల్యాబు అటెండరు ఉన్న సమయంలోనే వెళ్లండి. ఏ బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం) కారుతుందో, ఏ సింకు మూసుకుపోయిందో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఏ స్విచ్చుతో తిరుగుతుందో ఆయనకు తెలిసినంతగా ఏ ప్రొఫెసరుకూ తెలియదు. "అన్నా, ముప్పై మంది వస్తున్నారు, ఏమేమి తక్కువ పడతాయి?" అని అడిగితే పది నిమిషాల్లో మొత్తం చెబుతారు.

పనిచేసే బ్యూరెట్లను నీళ్లు పోసి లెక్కపెట్టండి. ముప్పై మందికి పదిహేనే ఉంటే ఇద్దరికొకటి, పదే ఉంటే ముగ్గురికొకటి. ముగ్గురున్న చోట ఒకరు ఫోను చూసుకుంటూ నిలబడతారు కాబట్టి, బ్యూరెట్ చదివేవారు, ఫ్లాస్క్ తిప్పేవారు, రాసేవారు అని పనులు పంచి, ప్రతి రీడింగుకూ మార్చండి.

3. రెండు రోజుల ముందు ప్రయోగాన్ని మీ చేత్తో చేయండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించగలిగే తీరిక మీకుంటే, ఇదే పాటించండి.

నేను మొదటిసారి ల్యాబుకు వెళ్లేనాటికి ఈడీటీఏ అణు నిర్మాణాన్ని చూడకుండా బోర్డు మీద గీయగలను. రంగు మార్పుతో ఫలితం చూపే ఇండికేటరు సీసాను మాత్రం తెరిచి చూడలేదు. అది ముందు సెమిస్టరులో కలిపి పెట్టిన ఎరియోక్రోమ్ బ్లాక్ టి ద్రావణం. ఆ ద్రావణం నిల్వ ఉంటే కొద్ది రోజుల్లోనే చెడిపోతుందని పుస్తకంలో చదివే ఉన్నాను, కాని ఆ వాక్యానికీ ఎదురుగా ఉన్న సీసాకూ సంబంధం ఉందని తోచలేదు. అరగంట గడిచేసరికి ప్రతి బల్ల దగ్గరా ఒకే ఫిర్యాదు: "ఎంత పోసినా రంగు మారకుండా ఉండాది సార్." నేను నీళ్లను అనుమానించాను, ద్రావణపు ఆమ్ల, క్షార స్థాయిని నిలకడగా ఉంచే బఫరును అనుమానించాను, చివరకు విద్యార్థులను కూడా అనుమానించాను. అటెండరు వచ్చి సీసా మూత తీసి, తల అడ్డంగా ఊపి, కొత్తది కలిపి ఇచ్చేసరికి గంటన్నర పోయింది.

కనుక మీరు ఒక్కరే కూర్చొని, విద్యార్థులకు ఇవ్వబోయే సీసాలతోనే, మాన్యువల్‌లో రాసిన వరుసలోనే మొత్తం చేయండి. గడియారం చూసి ప్రతి భాగానికి పట్టిన సమయం రాయండి. మీకు 30 నిమిషాలు పడితే, మొదటిసారి చేసేవారికి 90 అనుకోండి. ఇంటర్‌లో బ్యూరెట్‌ను పరీక్ష ముందు వారంలో మాత్రమే పట్టుకున్నవారు కొందరుంటారు. దాన్ని వారి లోపంగా చూడవద్దు.

చేసేటప్పుడు ఈ వరుస పాటించండి.

మొదట బ్లాంక్, అంటే నమూనా నీళ్లు లేకుండా చేసే పరీక్ష, చేయండి. 20 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 2 మి.లీ. అమోనియా బఫరు, మూడు నాలుగు చుక్కల ఇండికేటరు వేస్తే వెంటనే నీలం రావాలి. ఎరుపు వస్తే ఆ నీటిలోనే కఠినత్వం ఉందని అర్థం. డిస్టిల్డ్ వాటర్ క్యానులో ఎవరో ఆర్.ఓ. నీళ్లో, కుళాయి నీళ్లో నింపి ఉండవచ్చు. నీలమూ కాక, ఎరుపూ కాక మసకగా ఉంటే ఇండికేటరు పాతబడింది. సరిగా నీలం వచ్చిన ఫ్లాస్కును పారబోయకుండా తెల్ల కాగితం మీద పెట్టుకోండి. ఎండ్ పాయింట్ (ఈడీటీఏ పోయడం ఆపవలసిన చోటు) రంగు ఎలా ఉండాలో పోల్చి చూసుకోవడానికి అదే నమూనా.

తరువాత బ్యూరెట్‌ను ఈడీటీఏతో, పిపెట్‌ను నమూనా నీటితో, కానికల్ ఫ్లాస్కును డిస్టిల్డ్ వాటర్‌తో మాత్రమే కడగండి. ఫ్లాస్కును కూడా నమూనా నీటితో కడగడం విద్యార్థులు అలవాటుగా చేసే తప్పు. గోడలకు అంటుకున్న నీరు కూడా లెక్కలోకి వచ్చి విలువ పెరుగుతుంది. మన బోరు కుళాయి కింద కడిగి అలాగే వాడినా అంతే.

20 మి.లీ. నమూనా తీసుకొని, బఫరు, ఇండికేటరు కలిపితే ద్రాక్షసారాయి రంగు ఎరుపు వస్తుంది. 0.01 మోలార్ ఈడీటీఏ పోస్తూ, ఎరుపు ఊదాగా మారగానే చుక్కచుక్కగా వేయండి. ఎరుపు ఛాయ పూర్తిగా పోయి, స్వచ్ఛమైన నీలం వచ్చిన చోట ఆపండి. బఫరు వేయడం మరిచిపోతే రంగు మార్పు సరిగా తెలియదు. ఈ ఇండికేటరు పనిచేయాలంటే పీహెచ్ 10 దగ్గర ఉండాలి.

ఒక హెచ్చరిక. బఫరు కలిపిన తరువాత ఐదు నిమిషాల్లోపు టైట్రేషన్ (ఈడీటీఏ పోసి కొలిచే పని) ముగించాలి, లేకపోతే కాల్షియం కార్బొనేటు విడిపోయి విలువ తగ్గవచ్చు. తెలివైన విద్యార్థులే ఈ తప్పు చేస్తారు: సమయం ఆదా అవుతుందని మూడు ఫ్లాస్కుల్లోనూ ఒకేసారి బఫరు, ఇండికేటరు వేసి వరుసగా పెట్టుకుంటారు. వారి మూడో రీడింగు మొదటిదానికన్నా తక్కువగా ఉంటే కారణం అక్కడే వెతకండి.

లెక్క కూడా చేయండి. 0.01 మోలార్ ఈడీటీఏ 1 మి.లీ. అంటే 1 మి.గ్రా. కాల్షియం కార్బొనేటుకు సమానం. 20 మి.లీ. నీటికి 8.4 మి.లీ. పట్టిందంటే లీటరుకు 420 మి.గ్రా. బ్యూరెట్‌లో 0.1 మి.లీ. తేడా జవాబులో 5 మి.గ్రా. తేడా అవుతుంది. ఈ చిన్న సంగతి మీకు వేళ్ల మీద ఉంటే, 420.37 అని రాసి తెచ్చిన విద్యార్థికి దశాంశం తరువాతి అంకెలు ఎందుకు పనికిరావో ఒక్క వాక్యంలో చెప్పగలుగుతారు.

ప్రత్యామ్నాయం: తెచ్చిన బోరు నీళ్లకు 15 మి.లీ. కన్నా ఎక్కువ ఈడీటీఏ పడుతుంటే, నమూనాను 10 మి.లీ.కి తగ్గించి, మిగతా 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలపండి, జవాబును ఆ మేరకు రెట్టింపు చేయండి. ల్యాబు తాళం ముందుగా దొరకకపోతే, తరగతి రోజు గంట ముందు వెళ్లి కనీసం బ్లాంక్ ఒక్కటైనా చేయండి.

4. ఆ సాయంత్రం బోర్డు పథకం రాసుకోండి

బోర్డు మీద ఏ మూల ఏమి ఉంటుందో కాగితం మీద గీయండి. ఎడమవైపు పని వరుస, ఆరు వాక్యాలు మించకుండా. కుడివైపు పట్టిక నమూనా, మూడు రీడింగుల గళ్లతో. కింద లెక్క సూత్రం. ఇవి మూడు గంటలూ చెరపకూడదు. మిగతా ఖాళీలోనే మీ వివరణలు.

మొదటి పది నిమిషాల్లో మాట్లాడేదంతా పూర్తి వాక్యాలుగా రాసుకొని, గదిలో ఒక్కరే నిలబడి గట్టిగా చెప్పి చూసుకోండి. ఆ తరువాతి భాగానికి ముఖ్యాంశాలు చాలు. మూడు గంటలకూ ప్రసంగం రాసుకున్నవారు కాగితం వైపే చూస్తూ ఉండిపోవడం నేను గమనించాను.

భాష సంగతి. రికార్డు, వైవా ఇంగ్లీషులో జరుగుతాయి కాబట్టి పదాలన్నీ ఇంగ్లీషులోనే అలవాటు చేయాలి. కాని పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినవారు తరగతిలో ఉంటారు. నేను సూచించే పద్ధతి ఇది: బోర్డు మీద ఇంగ్లీషు, నోటితో తెలుగు, ప్రతి కొత్త పదాన్ని మొదటిసారి రెండు భాషల్లోనూ. "ఎవరికైనా ఇంగ్లీషు రాదా?" అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్నకు ఎవరూ చెయ్యెత్తరు.

5. వచ్చే ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకోండి

పది ప్రశ్నలు ఊహించి రాసుకోండి. ఈ ప్రయోగంలో మూడు ఖాయంగా వస్తాయి.

"ఫ్లోరైడు కూడా దీంతో తెలుస్తుందా సార్?" తెలియదు. ఈడీటీఏ కొలిచేది ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం లోహ అయాన్లను మాత్రమే, ఫ్లోరైడుకు వేరే పరీక్ష కావాలి. చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న అనంతపురం జిల్లా విద్యార్థులకు ఇది పుస్తకపు ప్రశ్న కాదు. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం తమ ఊరికి ఎందుకు వచ్చిందో ఇంట్లో విన్నవారు అడుగుతారు కాబట్టి, తేలికగా తీసిపారేయకండి.

"కాచితే పోతుందా?" బైకార్బొనేట్ల వల్ల వచ్చే తాత్కాలిక కఠినత్వం పోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది పోదు.

"ఎంతవరకు తాగవచ్చు?" భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరుకు 200 మి.గ్రా. ఆమోదయోగ్యం, వేరే వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి.

జాబితాలో లేని ప్రశ్న వస్తే, "నాకు ఇప్పుడు తెలియదు, వచ్చే తరగతిలో చెబుతాను" అని వారి ఎదుటే పుస్తకంలో రాసుకోండి. తరువాతి తరగతిలో మొదటి మాటగా ఆ జవాబు చెప్పండి. ఊహించి చెప్పిన తప్పు జవాబు ముప్పై రికార్డుల్లోకి ఎక్కుతుంది, దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

6. తరగతి రోజు

అరగంట ముందు వెళ్లి, కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. అమోనియా బఫరు వాసన ముప్పై మంది ఉన్న గదిలో ఘాటుగా ఉంటుంది. బల్లలకు సంఖ్యలు అంటించండి.

మూడు గంటల తరగతిని నేను ఇలా విభజిస్తాను: హాజరు, పరిచయం, జాగ్రత్తలకు 15 నిమిషాలు, చేసి చూపడానికి 15, ప్రయోగానికి 90, లెక్కలకు 30, పుస్తకాలు చూసి ప్రశ్నలు అడగడానికి 20, శుభ్రం చేయడానికి 10. ధర్మవరం, తాడిపత్రి వైపు నుంచి బస్సుల్లో వచ్చేవారు మొదటి రోజుల్లో ఆలస్యమవుతారు. అందుకని జాగ్రత్తలను తొలి ఐదు నిమిషాల్లో చెప్పేయకండి, హాజరు తరువాత చెప్పండి. నోటితో పిపెట్ పీల్చకూడదు, రబ్బరు బల్బు వాడాలి. కంట్లో ఏదైనా పడితే పదిహేను నిమిషాలు నీటితో కడగాలి. ఈ రెండూ వినని ఒక్కరు కూడా బ్యూరెట్ ముట్టకూడదు. ఆలస్యంగా వచ్చినవారికి విడిగా చెప్పండి.

పరిచయంలో మీ పేరు, మీరు ఏం చదువుతున్నారు, సందేహం ఉంటే ఎక్కడ, ఏ వేళలో దొరుకుతారు అన్నవి చాలు. విద్యార్థులను ఇంటిపేరు, ఊరు, ర్యాంకు చెప్పమని వరుసగా నిలబెట్టవద్దు. ఇంటిపేరును బట్టి, ఊరిని బట్టి ఎవరేమిటో అంచనా కట్టే అలవాటు మన దగ్గర ఎంత ఉందో మీకు తెలుసు, దానికి ల్యాబులో చోటివ్వకండి. పేరు, ఇంట్లో ఏ నీళ్లు వాడతారు అన్న రెండు ప్రశ్నలతో పరిచయమూ అవుతుంది, పాఠమూ మొదలవుతుంది.

వారికీ మీకూ నాలుగైదేళ్లే తేడా కాబట్టి కొందరు సార్, మేడం అంటారు, కొందరు అన్నా, అక్కా అంటారు. ఏది పిలిచినా పలకండి, మీరు మాత్రం అందరినీ "మీరు" అనే పిలవండి. అన్నా అన్న పిలుపుతో హాజరు వేయించుకోవాలని చూసేవారు ఉంటారు. దానికి మొదటి రోజే నవ్వుతూ కాదనడం తేలిక.

మీరు బ్లాంక్ చేసి, నీలం ఫ్లాస్కును అందరికీ కనిపించేలా పెట్టి, ఒక టైట్రేషన్ పూర్తిగా చేసి చూపండి. తరువాత మీ చేతులను జేబులో పెట్టుకోండి. ఇది హాస్యానికి అనడం లేదు. కొత్తవారు చేసే తప్పుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, తడబడుతున్న విద్యార్థి చేతిలోంచి బ్యూరెట్ తీసుకొని తామే చేసి పెట్టడం. రీడింగు సరిగ్గా వస్తుంది, విద్యార్థి మాత్రం ఏమీ నేర్చుకోడు. రెండో తప్పు, ప్రశ్నలు అడిగే చురుకైన బల్ల దగ్గరే నిలబడిపోవడం. బల్లల సంఖ్యల వరుసలో తిరుగుతూ, ప్రతి బల్ల దగ్గర ఒక నిమిషం ఆగి, అడిగినా అడగకపోయినా బ్యూరెట్ కొన చూడండి.

7. ఫలితం సరిగా వచ్చిందో లేదో చూసుకోండి

మొదటి తరగతిలో అందరికీ ఒకే క్యానులోని నీళ్లు ఇవ్వండి, ఇంటి నీళ్లు వచ్చే వారం తెప్పించవచ్చు. అన్ని బల్లల విలువలనూ బోర్డు మీద రాయించండి. మీరు ముందే చేసిన విలువకు 0.2 మి.లీ. అటూ ఇటూగా ఎక్కువ బల్లలు ఉంటే తరగతి బాగా జరిగినట్టే. లేకపోతే ఇలా వెతకండి.

- అన్ని బల్లలకూ ఒకే దిశలో తేడా వస్తే తప్పు విద్యార్థులది కాదు. డిస్టిల్డ్ వాటర్, ఈడీటీఏ గాఢత పరీక్షించండి.
- ఒక్క బల్లకే ఎక్కువ వస్తే ఫ్లాస్కు కడిగిన నీళ్ల గురించి అడగండి.
- ఒకే బల్ల రీడింగులు చెల్లాచెదురుగా ఉంటే బ్యూరెట్ కొనలో గాలి బుడగ ఉందేమో, పైన గరాటు తీయకుండా చదివారేమో, కంటి ఎత్తులో చూశారో లేదో గమనించండి.
- పక్కపక్క బల్లల్లో మూడుకు మూడూ ఒకే అంకెలుంటే చూసి రాసి ఉండవచ్చు. అందరి ముందు నిలదీయకుండా, ఒక్క టైట్రేషన్ మీ ఎదుట చేయమనండి.

చివరి ఐదు నిమిషాల్లో చిన్న చీటీ మీద పేరు లేకుండా, అర్థం కాని ఒక్క విషయం రాయమనండి. ఖాళీ చీటీలు ఎక్కువ వస్తే అందరికీ అర్థమైందని అనుకోవద్దు. అడగడానికి ఇంకా బెరుకుగా ఉన్నారేమోనని కూడా ఆలోచించండి.

ఆ రాత్రే, మరుపు రాకముందే, ఎక్కడ సమయం చాలలేదో, ఏ వాక్యాన్ని మూడుసార్లు చెప్పవలసి వచ్చిందో మీ పుస్తకంలో రాయండి. ల్యాబు నుంచి బయటికి వచ్చే ముందు, ఇండికేటరు సీసా మీద కలిపిన తేదీ రాసిన చీటీ అంటించారో లేదో చూసుకోండి. రెండో బ్యాచ్‌కు వచ్చేది మీరు కాకపోవచ్చు.